కాలనీ గ్రూపులో ద్వేషం ఆపాలంటే వాట్సాప్ ఎంతవరకు పనికొస్తుంది: అడ్మిన్ల కోసం ఒక సమీక్ష

హైదరాబాద్‌లో వాచ్‌మన్ లేని అపార్ట్‌మెంట్ అయినా ఉంటుందేమో గానీ వాట్సాప్ గ్రూపు లేనిది ఉండదు. మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయి, లిఫ్ట్ ఎందుకు ఆగింది, మెయింటెనెన్స్ ఎవరు బాకీ, అన్నీ అందులోనే తేలతాయి. ఆ మధ్యలోనే ఏ ఆదివారం పొద్దున్నో ‘ఫార్వర్డ్ యాజ్ రిసీవ్డ్’ అన్న తోకతో ఒక మెసేజ్ దిగుతుంది. ఒక మతం మీదో, ఒక కులం మీదో, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లల మీదో, సిగ్నల్ దగ్గర నిలబడే ట్రాన్స్‌జెండర్ల మీదో. పంపినాయన చెడ్డవాడేం కాకపోవచ్చు. కానీ ఆ మెసేజ్ ఎవరి గురించో వాళ్ల కుటుంబం కూడా చాలాసార్లు అదే గ్రూపులో ఉంటుంది. వాళ్లు చదువుతారు. మిగతా ఎనభై మంది ఏమంటారా అని ఎదురుచూస్తారు.

ఆ సమయంలో అడ్మిన్ చేతికి వాట్సాప్ ఏమిస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్ష. యాప్‌లో పనిముట్లు సరిపడా ఉన్నాయి. వాటిని వాడే వరుస తప్పితే మాత్రం ఉన్నా లేనట్టే. మెసేజ్ తీసేయడం ఒక్కటే పనైతే అది క్షణంలో అయిపోతుంది. అందరి ముందూ జవాబివ్వడం అసలు పని, దాన్ని ఏ సెట్టింగూ చేసిపెట్టదు.

ఇది చిన్న విషయం కాదని ఈ ఊరికి బాగా తెలుసు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో ఊరూరా పాకింది. ఆ నెలాఖరులో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ అనుమానంతోనే గుంపు కొట్టి చంపేసింది. అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించి, డప్పుతో, జానపద పాటలతో పుకార్ల సంగతి ఇంటింటికీ చెప్పించారు. అక్కడ ప్రాణాలు పోలేదు. ఫోన్‌లో వచ్చినదాన్ని, తమకు తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి కాదన్నప్పుడు జనం విన్నారు. కాలనీలో ఆ తెలిసిన మనిషి అడ్మినే.

ముందు సెట్టింగ్స్ చూద్దాం. గొడవ జరిగాక మారిస్తే ఎవరో ఒకరి మీద కక్షతో చేసినట్టుంటుంది కాబట్టి ఏ గొడవా లేని రోజునే చేసేయాలి. గ్రూపు పేరు మీద నొక్కి కిందికి వెళ్తే ‘గ్రూప్ పర్మిషన్స్’ ఉంటుంది. సభ్యులు గ్రూపు సెట్టింగ్స్ మార్చే అనుమతి తీసేయండి. అది తెరిచి ఉంచితే పండగ రోజుల్లో ఎవరో ఒకరు గ్రూపు ఫొటో మార్చి తమ జెండా పెడతారు, ఇంకొకరు దాన్ని మారుస్తారు, సాయంత్రానికి అదే తగాదా అవుతుంది. పైగా మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్‌ని ఎవరైనా ఆన్ చేయొచ్చు. అందులో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. 24 గంటలు పెట్టిన గ్రూపులో నిన్నటి బూతుకి ఇవాళ సాక్ష్యం ఉండదు. కొత్తవాళ్లని చేర్చడం కూడా అడ్మిన్లకే ఉంచి, కొత్త సభ్యులకి అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేయండి. ఇన్విటేషన్ లింక్ బ్రోకర్ల దాకా, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల బంధువుల దాకా తిరుగుతుంటుంది. ఎవరు ఫ్లాట్ ఖాళీ చేసినా ఆ వారం లింక్‌ని రీసెట్ చేస్తే పాతది చెల్లదు.

మెసేజ్‌లు పంపే అనుమతి మాత్రం అందరికీ ఉండనివ్వండి. ఒక గొడవ కాగానే ‘అడ్మిన్లు మాత్రమే’ అని తాళం వేసే కమిటీలు చాలా ఉన్నాయి. మా దృష్టిలో ఈ యాప్‌లో ఎక్కువగా దుర్వినియోగమయ్యే బటన్ ఇదే. ద్వేషపు మెసేజ్ పెట్టినాయన మాట చివరి మాటగా నిలిచిపోతుంది, దానికి జవాబు చెప్పాలనుకున్నవాళ్ల నోరు మూతపడుతుంది. వారం తిరక్కుండా కిరాయిదార్లు లేని ‘ఓనర్స్ గ్రూపు’, ఫలానావాళ్లు లేని ‘ఫ్రెండ్స్ గ్రూపు’ మొదలవుతాయి. అక్కడ అడ్డుచెప్పే మనిషే ఉండడు.

గ్రూపు డిస్క్రిప్షన్‌లో నియమం రాయాలి. ‘రాజకీయాలు వద్దు, మతం వద్దు’ అన్న పాత వాక్యం పనిచేయదు. విషం పెట్టే మనిషి దాన్ని రాజకీయం అనుకోడు, ‘జాగ్రత్త కోసం పెట్టాను’ అంటాడు. అది తప్పని ఎవరైనా అంటే ‘చూశారా, ఆయనే రాజకీయం మొదలుపెట్టాడు’ అని నియమం అడ్డుచెప్పినవాళ్ల మీదికే తిరుగుతుంది. అందుకే చేయకూడని పని పేరు పెట్టి రాయాలి. ఇలా రాస్తే సరిపోతుంది: ‘ఈ గ్రూపు మన బిల్డింగ్ పనుల కోసం. మతం, కులం, ప్రాంతం, తిండి, లింగం, చేసే పని పట్టుకుని ఎవరినీ కించపరిచే మెసేజ్ పెట్టొద్దు. పెడితే అడ్మిన్ తీసేస్తారు, కారణం ఇక్కడే చెబుతారు. మళ్లీ పెడితే నెల రోజులు గ్రూపు బయట ఉండాలి.’ తిండి, చేసే పని అన్న రెండు మాటలు తప్పకుండా ఉండాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కులం, మతం చాలాసార్లు నేరుగా రావు. ‘నాన్‌వెజ్ వాసన’ రూపంలోనో, ‘పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కితే జరిమానా’ రూపంలోనో వస్తాయి. డిస్క్రిప్షన్ ఎవరూ తెరిచి చదవరు కాబట్టి అదే మెసేజ్‌ని పిన్ చేయండి. పిన్ గడువు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు. 30 పెట్టి, ప్రతి నెలా ఒకటో తారీఖున మెయింటెనెన్స్ మెసేజ్‌తో పాటు మళ్లీ పిన్ చేస్తే మర్చిపోరు.

ఇక మెసేజ్ వచ్చేసింది అనుకుందాం. మొదటి పని స్క్రీన్‌షాట్, తేదీ, టైమ్ కనిపించేలా. రెండోది జవాబు. మూడోది తీసేయడం. ఈ వరుసలో ఒక మెలిక ఉంది. ఆ మెసేజ్‌ని పక్కకి లాగి, అంటే దాన్ని కోట్ చేసి రిప్లై ఇస్తే, తర్వాత అసలు మెసేజ్‌ని తీసేసినా మీ జవాబు మీద ఉన్న డబ్బాలో ఆ వాక్యం అలాగే కనిపిస్తూ ఉంటుంది. మీరే దాన్ని భద్రపరిచినట్టవుతుంది. అందుకే కోట్ చేయకుండా, పేరు పెట్టి విడిగా రాయాలి.

ఏం రాయాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. 302 అంకుల్ ఒక వీడియో పెట్టారనుకోండి. ‘అంకుల్, ఈ వీడియో మన బిల్డింగ్‌లో ఉండేవాళ్లనే అన్నట్టుంది. నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా ఇది ఇక్కడ వద్దు. తీసేస్తున్నాను. సాయంత్రం కిందికి వచ్చి కలుస్తాను.’ ఇంతే. మొదటి వాక్యం, ఆ మాటలు తగిలింది టీవీలో ఎవరికో కాదు, పక్క ఫ్లాట్ వాళ్లకే అని గుర్తుచేస్తుంది. రెండోది వీడియో నిజానిజాల మీద వాదన పెరగకుండా ఆపుతుంది, ఆ వాదనలో దిగితే మధ్యాహ్నం దాకా తేలదు. చివరిది ఆయన పరువు నిలుపుతుంది, పరువు పోయిందనుకున్న మనిషి దిద్దుకోడు, ఇంకో పది పెడతాడు. ఆయన్ని ‘మతోన్మాది’ అనొద్దు. చట్టం సెక్షన్లు ఇంగ్లిష్‌లో అతికించొద్దు. ఎదురు ఫార్వర్డ్ పెట్టొద్దు. ‘ఇద్దరూ ఆపండి’ అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. బాధపడ్డవాడినీ బాధపెట్టినవాడినీ ఒకే గాటన కట్టే ఆ మాట ఎదుటి కుటుంబానికి అసలు మెసేజ్ కంటే ఎక్కువ తగులుతుంది.

గుట్టుగా ఫోన్ చేసి చెబితే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. ఫోన్ కాల్ 302కి వినిపిస్తుంది, ఆ వీడియో ఎవరిని అన్నదో ఆ 105 ఫ్లాట్ వాళ్లకి వినిపించదు. వాళ్లకి కనిపించేది గ్రూపులో మౌనం ఒక్కటే. అరగంటలోపు ఒక్క వాక్యమైనా పడాలి. ఆ వెనకే ఇంకో ఇద్దరు ‘అవును, వద్దు’ అనో, కనీసం ఒక బొటనవేలి గుర్తో పెట్టాలి. ఆ ఇద్దరితో ముందే మాట్లాడి ఉంచుకోండి. పంపినాయన మతం, కులం వాళ్లే అయితే ఆ మాటకి బరువెక్కువ. ఎవరిని అన్నారో వాళ్లని ట్యాగ్ చేసి ‘మీరేమంటారు’ అని అడగొద్దు, తమని తాము సమర్థించుకోవాల్సిన భారం వాళ్ల మీద వేయకూడదు. వాళ్లకి విడిగా ఒక మెసేజ్ పెట్టండి: ‘చూశాను, తీసేశాను, మాట్లాడుతున్నాను.’

అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా తీసేసే వీలు 2022లో వచ్చింది. మెసేజ్‌ని నొక్కి పట్టుకుని డిలీట్ కొట్టి, ‘అందరికీ’ ఎంచుకోవాలి. దాని స్థానంలో ఫలానా అడ్మిన్ తీసేశారని పేరుతో సహా పడుతుంది. ఇది మాకు బాగా నచ్చింది, చేసినవాళ్లు దాక్కునే వీలు లేదు. లోపాలు రెండు. పంపాక దాదాపు రెండు రోజుల్లోపే తీసేయగలరు, శనివారం రాత్రి పడినదాన్ని మంగళవారం చూస్తే లాభం లేదు. ఐఫోన్‌లో ఫొటోలు, వీడియోలు గ్యాలరీలో ఆటోమేటిక్‌గా సేవ్ అయ్యేలా పెట్టుకున్నవాళ్ల దగ్గర అవి మిగిలిపోతాయి.

ఫార్వర్డ్ గుర్తుల సంగతి. 2018 దాడుల తర్వాత ఆ జులైలో ఇండియాలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టారు. చాలా చేతులు మారిన మెసేజ్ మీద రెండు బాణాలు పడతాయి, 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. రెండు బాణాలు కనిపిస్తే అది పంపినాయన చూసిందీ కాదు, తీసిందీ కాదు అని అందరికీ చెప్పడానికి అది మంచి ఆధారం. కానీ బాణాలు లేకపోతే అది సొంత సరుకు అనుకోవద్దు. వీడియోని డౌన్‌లోడ్ చేసి గ్యాలరీ నుంచి పెట్టినా, మాటల్ని కాపీ చేసి అతికించినా బాణాలు పోతాయి. పాత వీడియోకి కొత్త ఊరు పేరు తగిలించడం ఈ సరుకులో మామూలు. వీడియోని ఆపి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేస్తే చాలాసార్లు అసలు ఎప్పటిదో, ఎక్కడిదో దొరుకుతుంది. హైదరాబాద్ నుంచే పనిచేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ సైట్లలో తెలుగులో నిజనిర్ధారణ కథనాలుంటాయి, వెతికి ఆ లింక్ పెట్టొచ్చు. అయితే అది తర్వాతి పని. వీడియో నిజమే అని తేలినా, ఎక్కడో ఒకడు చేసిన నేరాన్ని 105 వాళ్ల నెత్తిన రుద్దే హక్కు ఎవరికీ రాదు.

పోల్స్ గురించి గట్టిగా చెప్పాలి. 2022 చివర్లో వచ్చిన ఈ సౌకర్యం సంపు ఎప్పుడు కడగాలో తేల్చడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అదే సౌకర్యంతో ‘404లోకి ఫలానావాళ్లకి అద్దెకిద్దామా’ అని ఓటింగ్ పెడితే? వాట్సాప్ పోల్‌లో ఓటేసినవాళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి. తాము ఇక్కడ ఉండాలా వద్దా అన్నదాని మీద ఎవరెవరు ‘వద్దు’ నొక్కారో ఆ కుటుంబం ఒక్కొక్క పేరూ చదువుకుంటుంది. రేపు లిఫ్ట్‌లో వాళ్లతోనే నిలబడాలి. మనిషి ఉనికి మీద పోల్ పెట్టిన క్షణమే, ఓట్లు లెక్కపెట్టకుండా, అడ్మిన్ దాన్ని తీసేయాలి.

అద్దెల విషయంలో చట్టం ఎక్కడ అండగా ఉందో, ఎక్కడ లేదో అడ్మిన్‌కి తెలిసి ఉండాలి. అంటరానితనం కారణంగా ఎవరినైనా ఒక ప్రాంతంలో ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం సెక్షన్ 4 ప్రకారం నేరం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి ఇల్లు అద్దెకివ్వడంలో, ఉండనివ్వడంలో వివక్ష చూపకూడదని 2019 చట్టం సెక్షన్ 3 చెబుతోంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల విషయంలో 2017 చట్టం కూడా అలాంటి రక్షణే ఇస్తోంది. మతం పేరుతో ప్రైవేటు ఓనరు అద్దెకి ఇవ్వనంటే మాత్రం నేరుగా పట్టుకునే చట్టం లేదు, రాజ్యాంగం 15వ అధికరణంలోని మొదటి నిషేధం ప్రభుత్వానికే వర్తిస్తుంది. అక్కడ పనిచేసేది పక్కింటివాళ్ల మాటే. ఓనర్స్ గ్రూపులో ఒక్క ఓనరు ‘మా ఫ్లాట్ ఎవరికైనా ఇస్తాం, అడ్వాన్సూ పోలీస్ వెరిఫికేషనూ అందరికీ ఒకటే’ అని రాస్తే మిగతావాళ్లు తమ అభ్యంతరాన్ని బయటికి చెప్పడానికి తటపటాయిస్తారు.

రిపోర్ట్ బటన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. గ్రూపుని రిపోర్ట్ చేస్తే చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కి వెళ్తాయి, అవతలివాళ్లకి తెలియదు. పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని ఎన్‌క్రిప్షన్ వల్ల అంతకు మించిన మెసేజ్‌లు కంపెనీకి కనిపించవు. నకిలీ నంబర్ల నుంచి వచ్చే వేధింపులకి వాడండి, కాలనీ తగాదా దానితో తీరదు.

కొన్ని మెసేజ్‌లకి మాత్రం అంకుల్‌తో సాయంత్రం మాట్లాడటం సరిపోదు. కొట్టమనడం, ఫలానా చోటికి గుంపుగా రమ్మనడం, ఒకరి ఫొటో, ఫ్లాట్ నంబరు, బండి నంబరు పెట్టి వీళ్లే అనడం. వీటిలో ఏది కనిపించినా కమిటీ మీటింగ్ దాకా ఆగకుండా 100కో 112కో ఫోన్ చేయాలి. ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దౌర్జన్యాల మీద ఫిర్యాదుకి 14566 హెల్ప్‌లైన్ 2021 డిసెంబర్ నుంచి ఉంది. మతం, కులం, ప్రాంతం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196 కింద మూడేళ్ల దాకా శిక్ష, ప్రార్థనాస్థలంలో చేస్తే ఐదేళ్ల దాకా. ద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం చూడకుండా పోలీసులే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ‘ఇది మా స్టేషన్ పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) అడగొచ్చు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లో అది స్పష్టంగా ఉంది.

సాక్ష్యం విషయంలో జరిగే పొరపాటు ఏమిటంటే, స్క్రీన్‌షాట్‌లో మీరు సేవ్ చేసుకున్న పేరు మాత్రమే ఉంటుంది. ‘302 అంకుల్’ అన్నది పోలీసులకి ఎందుకూ పనికిరాదు. ఆ కాంటాక్ట్ తెరిచి పూర్తి నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ ఇంకొకటి తీయాలి. తర్వాత మెనూలోంచి చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి టెక్స్ట్ ఫైల్ దాచుకోవాలి. 2025లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ ఆన్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ కుదరదు, ముందే చూసుకోండి. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఆ మెసేజ్ వచ్చిన అసలు ఫోన్‌ని రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు.

సభ్యుడు ఏదో పెడితే అడ్మిన్ జైలుకెళ్తాడన్న భయంతో గ్రూపులు మూసేస్తున్నారు. సభ్యుడి పోస్టుకి కేవలం అడ్మిన్ అయిన కారణంగా నేరబాధ్యత రాదని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మూసేయాల్సిన పనిలేదు.

పండగ రోజులకి విడిగా సిద్ధపడాలి. 2023లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. నగరంలోని ముస్లిం పెద్దలు మిలాద్ జులూస్‌ని అక్టోబర్ 1కి జరిపారు, 2024లో కూడా నిమజ్జనం కోసం ఊరేగింపుని వెనక్కి జరుపుకున్నారు. ఇలాంటి మంచి కబురు గ్రూపుల్లో కనిపించదు, ఎక్కడిదో రాళ్ల వీడియో మాత్రం కనిపిస్తుంది. పండగకి రెండు రోజుల ముందే అడ్మిన్ ఊరేగింపు దారి, ట్రాఫిక్ మళ్లింపులు, పోలీసుల అధికారిక ప్రకటన పెట్టేయాలి. జనానికి కావాల్సిన సమాచారం ముందే చేతిలో ఉంటే పుకారుకి సగం చోటు తగ్గుతుంది.

వాట్సాప్‌కి ఐదులో మూడున్నర ఇస్తాం. తగ్గించడానికి పెద్ద కారణం, ఒక్క సభ్యుడిని కొన్నాళ్లు మెసేజ్ పెట్టకుండా ఆపే వీలు లేకపోవడం. ఉంచితే పూర్తిగా ఉంచాలి, తీస్తే గ్రూపులోంచే తీసేయాలి. తీసేస్తే ఆయనకి నీళ్ల ట్యాంకర్ కబురు కూడా అందదు, అందుకని ఎవరూ ఆ నియమాన్ని అమలు చేయరు. దీనికి దారి కొన్ని గ్రూపుల్ని ఒకే గొడుగు కిందికి తెచ్చే కమ్యూనిటీ ఫీచర్: నీళ్లు, కరెంటు, భద్రత కబుర్లు ప్రకటనల గ్రూపులో, మాటలన్నీ వేరే గ్రూపులో. మాటల గ్రూపులోంచి నెల రోజులు బయట ఉన్న మనిషికీ ప్రకటనలు అందుతూనే ఉంటాయి. టెలిగ్రామ్‌లో ఒక్కరినే ఆపొచ్చు, మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య వ్యవధి పెట్టే స్లో మోడ్ కూడా ఉంది. కానీ మూడో అంతస్తు బామ్మగారిని టెలిగ్రామ్‌కి తీసుకురావడం జరిగే పని కాదు.

చివరగా అడ్మిన్లు ఎవరన్నది. ఒక్కరే ఉంటే ఆయన ఊరెళ్లిన రోజే మెసేజ్ పడుతుంది. ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు కిరాయిదారు, కనీసం ఒకరు స్త్రీ, ముగ్గురూ ఒకే కులం, మతం వాళ్లు కాకుండా. అడ్మిన్‌గా ఉన్న ఓనరు ఫ్లాట్ అమ్మేసి గ్రూపులోంచి వెళ్లిపోతే, వేరే అడ్మిన్ లేకపోతే వాట్సాప్ సభ్యుల్లో ఎవరో ఒకరిని తనంతట తానే అడ్మిన్‌ని చేస్తుంది. అది 302 అంకుల్ కూడా కావచ్చు. కాబట్టి తాళాలు అప్పగించే రోజునే సభ్యుల జాబితాలోకి వెళ్లి, తర్వాతి అడ్మిన్ పేరు మీద నొక్కి బాధ్యత ఇచ్చి, ఆ తర్వాతే గ్రూపు వదలాలి.